ఊటనీటిలో కంచు ముఖాలు

మా నాన్న సెనోరిక్స్ లుగ్దునుం నగరపు టంకశాలలో కంచు నాణేలకు అచ్చులు చెక్కేవాడు. ఒక అచ్చు మీద చక్రవర్తి ముఖం, ఇంకో దాని మీద బలిపీఠం, దానికి అటూ ఇటూ రెక్కల దేవతలు. అన్నీ అద్దంలోలా తిరగేసి చెక్కాలి. ఇరవై ఏళ్ళు అలా చెక్కీ చెక్కీ, చివరికి ఆయన కళ్ళకు పాలమీగడలాంటి పొర కమ్మింది.

కళ్ళ జబ్బులు నయం చేసే ఊట ఒకటుందని విని, ఆయన్ని పడవ ఎక్కించి అరార్ నది ఎగువకు తీసుకెళ్ళాను. దారిలో మూడు రోజులూ పొగమంచే. తెడ్ల చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుండేది.

ఊటలో నాన్న ఒక నాణెం వేసి మొక్కుకున్నాడు. అడుగున వేల నాణేలు పచ్చబారి ఉన్నాయి. నీరు కదిలినప్పుడల్లా ఆ ముఖాలు నిద్రలో ఊపిరి పీలుస్తున్నట్టున్నాయి. ఆ మాట నేను చెప్పగానే ఆయన చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగి, వంగి ఒకటి తీశాడు.

"ఏయ్ ముసలాయనా! అమ్మవారి సొమ్ము మీద చెయ్యేస్తావా?" ఊటను కనిపెట్టుకుని ఉండే లిటుగెనా అరిచింది.

"దొంగను కాదమ్మా. ఇవి నేను చేసినవే."

"చేస్తే నీవైపోతాయా? మా ఆయన చేసిన కుండలన్నీ మా ఇంట్లోనే ఉన్నాయా మరి?"

నాన్న నవ్వాడు. బొటనవేలు మాత్రం నాణెం మీదే తిరుగుతోంది. "వింపియా, ఈ దేవత రెక్కకు ఒక ఈక తక్కువే. నువ్వు పుట్టావని కబురొస్తే ఉలి పారేసి పరిగెత్తాను."

దాన్ని మెల్లగా నీళ్ళలోకి వదిలి మరొకటి తీశాడు. మధ్యాహ్నం దాకా అలాగే నిలబడి, ఏది తనదో ఏది కాదో వేళ్ళతోనే చెప్పాడు. లిటుగెనా కూడా తిట్టడం మానేసి గట్టున కూర్చుని వింది.

చూపు మాత్రం రాలేదు.

తిరుగు పడవలో ఆయనే అన్నాడు: "ఇక ఉలి నువ్వు పట్టవే. నేను తడిమి చూస్తా."

మూడు అచ్చులు పాడుచేశాను. నాలుగోది టంకశాల పెద్ద కరాంతుస్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"చక్రవర్తి ముక్కు కాస్త పొడుగైనట్టుందే?"

"మీరు ఆయన్ని చూశారా అయ్యా?"

"నేనెక్కడ చూశాను!" అని నవ్వి, అచ్చును సమ్మెట మనిషికి అందించాడు.

తొలి నాణెం వేడివేడిగా బయటికొచ్చింది. పక్కనే ఉన్న నాన్న దాన్ని తడిమి చూసి, చెంపకు ఆనించుకుని, సమ్మెట దెబ్బల మధ్య చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.