మెడదాకా పాతిన వరస

మోటారు తిరుగుతున్నప్పుడు ఆయనకు ముఖ్యమైన మాట ఎవరూ చెప్పకూడదు. ఎడమ చెవి ఎప్పుడో రిటైరైంది. మిగిలిన కుడి చెవిని మోటారు అద్దెకు తీసుకుంటుంది. ఆ సంగతి తెలిసి కూడా, ఆ రోజు భార్య గట్టు మీద నిలబడి అరిచేసింది.

"ఏవండీ, సోమవారం నుంచి శిక్షణ కేంద్రానికి వెళ్తున్నా. అంట్లు కట్టడం నేర్పిస్తారట!"

ఆయనకు వినబడింది మాత్రం అంట్లు కడగడం.

సరేనన్నట్టు తలూపాడు. తల ఊగింది గానీ గుండె జారింది. పెళ్ళైన నాటి నుంచి కడుగుతూనే ఉంది కదా, ఆవిడకు కొత్తగా నేర్పేదేముంది? నేర్చుకోవడం వంక, పనికి వెళ్ళడం నిజం. ఈసారి కూడా టమాటా పోయింది మరి. పొద్దున పచ్చగా నవ్విన మొక్క మధ్యాహ్నానికి తడిగుడ్డలా వేలాడింది. ఆ మడి మట్టిలో ఏదో తెగులు కాపురముంటోంది, ఖాళీ చెయ్యమంటే చెయ్యదు.

ఆ దిగులు ఆయన మంగలితో చెప్పుకున్నాడు. మంగలితో చెప్పడమంటే మైకులో చెప్పడమే, కాకపోతే క్షవరం అదనం. సాయంత్రానికల్లా పక్కింటావిడ వచ్చింది.

"వదినా, పొద్దున పూట మా ఇంట్లో కూడా కాస్త చెయ్యి వేద్దూ. ఎవరో ఎందుకు, తెలిసినదానివి."

"దేనికి చెయ్యి?" అని భార్య తెల్లబోయింది. అప్పుడే వంటింట్లోంచి గిన్నెల చప్పుడు. వెళ్ళి చూస్తే ఆయన మోచేతుల దాకా నురగలో మునిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న మూకుడిని అరగదీస్తున్నాడు.

"ఇదేంటండీ?"

"ఈ ఇంట్లో అంట్లు ఇకనుంచి నావి. నువ్వు మాత్రం ఊళ్ళోవాళ్ళ అంట్లకి వెళ్ళొద్దు. టమాటా పోతే పోయింది, నేను ఉన్నాగా."

భార్య గుమ్మంలోనే కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నవన్నీ నవ్వు నీళ్ళు కావు.

"కడగడం కాదు మహానుభావా, కట్టడం! అంటు కట్టడం! వంగ మొక్క మొదలు మీద టమాటా తల అతికిస్తారు."

"తలా? ఎవరి తల?"

"ప్రస్తుతానికి టమాటాది. ఇంకో గిన్నె అరగదీస్తే మీది."

పక్కింటావిడ "అయితే మా ఇంటికి రావన్నమాట" అని నిరాశగా వెళ్ళిపోయింది.

ఆ పూట, ఆయన కడిగిన గిన్నెలు తుడుస్తూ, ఆవిడ కుడి చెవి వైపుకొచ్చి నిలబడి అంతా చెప్పింది. తెగులు ఎక్కేది వేళ్ళలోంచి. అడవి వంగ వేళ్ళను అది ఏమీ చెయ్యలేదు. కాళ్ళు వంగవి, తల టమాటాది అయితే మొక్క నిలబడుతుంది. చుట్టుపక్కల చిన్న చిన్న మడులున్న వాళ్ళందరిదీ ఇదే ఏడుపు గనక, అంటు నారు పెంచి అమ్మితే అదే ఒక వ్యాపారం. శిక్షణ అయ్యాక టీచరమ్మ రైతులందరినీ ఒక మడికి తీసుకొచ్చి చూపిస్తుందట. పేర్లు రాసుకున్న రోజే ఎవరి మడి అని అడిగితే అందరూ నేల చూపులు చూశారట.

"నేను చెయ్యెత్తానండీ," అంది మెల్లగా. "మడి నిలబడితే నారు నా దగ్గర కొంటారు. పడిపోతే మళ్ళీ నా మొహం ఎవరూ చూడరు."

ఆవిడ దేనికీ చెయ్యెత్తిన మనిషి కాదు. ఆయన చేతిలో గిన్నె పక్కన పెట్టాడు. "ఎత్తితే ఎత్తావులే," అన్నాడు.

అక్కడి నుంచి ఇల్లంతా నారే. బ్లేడుతో ఏటవాలుగా ఒక కోత, దానికి సరిపడా ఇంకో కోత, రెండూ కలిపి చిన్న క్లిప్పు. కట్టిన మొక్కలన్నీ వెనక గదిలో ప్లాస్టిక్ కాగితం కింద చీకట్లో విశ్రాంతి. ఆ గదిలో తుమ్మాలన్నా పర్మిషన్ కావాలి. శిక్షణ కేంద్రం వాళ్ళు కొత్త వంగడం అంటే ఆయనకు తెలిసిన వంగడం ఒక్కటే, నడుము వంగడం. ఆవిడ వంగ కోసం వంగిన వంగుళ్ళు చూసి ఆయన నడుము నొప్పెట్టేది.

అందుకే ఆ ఘనకార్యం చేశాడు.

శిక్షణ చివరి రోజు. నారుకి ధర ఎలా కట్టాలో, ట్రేలు నలక్కుండా ఎలా పంపాలో చెప్పే క్లాసు. ఆవిడ అటు వెళ్ళింది, ఇటు మబ్బు పట్టింది. వచ్చి అలిసిన నడుముతో మళ్ళీ వంగుతుందా, తనే నాటేస్తే సరి అనుకున్నాడు. టమాటా నాటడం ఆయనకు చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పిన విద్య. కింది ఆకులు గిల్లి, మెడదాకా పాతాలి. టమాటా కాండానికి మట్టి తగిలిన చోటల్లా వేరొస్తుంది, ఎంత లోతైతే అంత బలం. ఒక్కో మొక్కనూ పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు, క్లిప్పుతో సహా మెడదాకా కప్పాడు. ఆఖరి మొక్క నాటాడో లేదో తొలి చినుకు పడింది.

ఆవిడ తడుస్తూ వచ్చింది. మడి వంక చూసింది. చాలాసేపు చూసింది.

"అన్నీ మీరే నాటారా?"

"మరి?" అన్నాడు, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా.

"చాలా బాగా నాటారండీ," అంది. వేడి నీళ్ళు కాచి ఇచ్చింది, నడుముకి మందు రాసింది. ఆయన రాజాలా పడుకున్నాడు.

తెల్లారి చూస్తే ఆవిడ మడిలో మోకాళ్ళ మీద కూర్చుని చెంచాతో మొక్కల మెడ దగ్గర మట్టి తీస్తోంది. ఆయన్ని చూసి చెంచా వెనక్కి దాచింది.

"ఏం చేస్తున్నావ్?"

ఇక దాచి లాభం లేకపోయింది. "అతుకు మట్టిలో ఉండకూడదండీ. టమాటా తలకి మట్టి తగిలితే సొంత వేళ్ళు వేసేస్తుంది. తెగులు వాటిలోంచి ఎక్కేస్తుంది. ఇక కింద వంగ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"నిన్న చెప్పొచ్చుగా!"

"నిన్న మీ మొహం చూశాక ఎలా చెప్పను?"

ఆయన లోపలికెళ్ళాడు. వంటింట్లో ఏదో కింద పడింది. కాసేపటికి ఇంకో చెంచాతో బయటికొచ్చి, మడి అవతలి కొసన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇద్దరూ చెరో వైపు నుంచి మట్టి తీసుకుంటూ వచ్చారు. చివరి వరస దగ్గర ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ ఒక్కటీ వదిలెయ్. మా నాన్న చెప్పింది ఊరికే అబద్ధమెలా అవుతుంది?"

ఆవిడ ఆ చెయ్యి వంక చూసింది. గోళ్ళ నిండా మట్టి. "సరే. అది మీ వరస," అంది. అంతవరకూ మొగుడూ పెళ్ళాల వరస. అప్పటి నుంచి పోటీదారుల వరస కూడా కలిసింది.

చెప్పుకోవాలంటే, మొదట్లో గెలిచింది ఆయనే. ఆయన వరస ఏపుగా, మిగతావాటి కంటే ఒక జానెడు ఎత్తు లేచింది. "ఏమోయ్ నర్సరీ ఓనరమ్మా, నా వరసని తలెత్తి చూసీ చూసీ నీ మొక్కలకి మెడ నొప్పెడుతుందేమో," అని రోజూ టీ గ్లాసుతో ఆ గట్టు మీదే కూర్చునేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

పిందెలు పడే వేళకు ఎండ ముదిరింది. ఒక మధ్యాహ్నం ఆయన వరసలో ఒక మొక్క తల వాల్చింది. చాటుగా నీళ్ళు పోశాడు. మర్నాడు ఇంకోటి. ఆపైన వరసంతా తడిగుడ్డలే. పక్కనే ఆవిడ మొక్కలు గుత్తులు గుత్తులుగా కాసి నిలబడ్డాయి. టీ గ్లాసు గట్టు మీదకు రావడం మానేసింది.

రైతులు వచ్చే రోజు పొద్దున్నే ఆవిడ గోనె సంచితో బయల్దేరింది. "మీరు లోపల టీ పెడుతూ ఉండండి. వీటిని పీకి పారేస్తా. ఒక వరస తక్కువైతే ఎవరికి తెలుస్తుంది?"

ఎవరి పరువు కోసం ఆ సంచి వచ్చిందో ఆయనకు అర్థమైంది. జవాబు చెప్పేలోపే గేటు ముందు వ్యాను ఆగింది. టీచరమ్మ వెనక రైతులు దిగారు. అందరికంటే ముందు బేరాలాయన, ఉచితంగా ఇచ్చినా సగానికి అడిగే మనిషి.

మడి చూసి అందరూ ఆహా అన్నారు. బేరాలాయన చూపు మాత్రం సరిగ్గా ఎండిన వరస దగ్గర ఆగింది.

"ఇవీ అంట్లేనా అమ్మా?"

"అంట్లే," అంది ఆవిడ.

"మరి చచ్చాయేం? కొన్ని బతికి కొన్ని చచ్చేదానికి అంత శ్రమా, అంత ఖర్చూ మాకెందుకు?"

వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఒకరిద్దరు వ్యాను వైపు తిరిగారు. ఆవిడ మొహం పాలిపోయింది. ఆయన వైపు ఒక్కసారి చూసి, "అది... నాటేటప్పుడు నేనే కాస్త పొరపాటు..." అని మొదలుపెట్టింది.

ఈసారి ఆయనకు ప్రతి అక్షరమూ వినబడింది.

"ఆవిడ కాదయ్యా, నేను!" అంటూ మడిలోకి దిగాడు. ఎండిన మొక్కను వేళ్ళతో సహా పెకలించి పైకెత్తాడు. "దగ్గరికి రండి. వ్యాను ఎక్కడికీ పోదు. ఇవీ ఆవిడ కట్టిన అంట్లే, ఆ ట్రేల్లోవే. ఆవిడ క్లాసుకెళ్ళింది, నేను సాయం చేశా. మెడదాకా పాతా. మీలో టమాటాని మెడదాకా పాతనివాళ్ళు ఎవరు? చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యి లేవలేదు.

"ఇదిగో, కింద తెల్లగా ఉన్నవి వంగ వేళ్ళు. ఇప్పటికీ నవనవలాడుతున్నాయి. పైన ఈ గోధుమరంగువి టమాటావి. నేను మట్టి కప్పేసరికి తలకి సొంత వేరొచ్చింది. వేరొచ్చిందంటే వేరు కాపురమే కదా! అప్పటిదాకా కాపాడిన వంగని కాదని, పోయి పోయి తెగులుతో జత కట్టింది." జనం గొల్లుమన్నారు. ఆయన కాండం కోసి, టీచరమ్మ చెప్పినట్టు ఆమె అందించిన గ్లాసు నీళ్ళలో నిలబెట్టాడు. కోసిన చోటి నుంచి తెల్లటి దారం పొగలా కిందికి జారింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఇదే మనందరి మొక్కల్నీ తినే తెగులు," అన్నాడు. "పక్క వరస చూడండి. మొక్క అదే, మట్టి అదే. చెంచాతో మట్టి తీసి అతుకు పైకి పెట్టింది ఆవిడ, అంతే తేడా. నేను ఒక్క వరస చంపా. ఇది చూడకుండా నారు పట్టుకెళ్ళి ఉంటే మీరు మడి మడే చంపేవాళ్ళు, పైగా ఆవిడ్ని తిట్టేవాళ్ళు."

బేరాలాయన వంగి, బతికిన మొక్క అతుకును వేలితో తడిమాడు. "నేనైతే నీకంటే లోతుగా పాతేవాణ్ణి," అని గొణిగాడు. "అమ్మా, నాకు ట్రేలు కావాలి. నాటే రోజు ఈయన్ని కూడా పంపు."

"ఈయన్నా?" అంది ఆవిడ. మొహం నవ్వుతోంది.

వెనక వరసలో ఎవరో "ఏమంటున్నారు? ఏది పైకి ఉండాలి?" అని అడిగారు. ఆయన ఒక పచ్చని మొక్క పక్కన కూర్చుని, మట్టికి నాలుగు వేళ్ళు ఆనించి, ఆ పైన క్లిప్పు గుర్తును చూపించాడు.

"ఇదీ, అతుకు. రెండూ కలిసిన చోటు. ఇది దాచకూడదు. ఎండా గాలీ తగలాలి, దారిన పోయేవాడికి కూడా కనబడాలి." తలెత్తి భార్య వైపు చూశాడు. "పాతింది నేను. కట్టింది ఆవిడ. అందరికీ వినబడిందా?"