పాలమ్మ తొలి లడ్డు

సత్యమ్మకు ఆ పూట కడుపు రగిలిపోతోంది. ఆ మంటంతా ఒక నాలుగేళ్ల పిల్ల మీద. చెప్పుకుంటే సిగ్గుచేటే, కానీ ఉన్న మాట అనుకోవాలిగా!

గద్వాలలో బట్టల వ్యాపారి జలాలుద్దీన్ ఇంట్లో ఆ రోజు గౌసియాకు బిస్మిల్లా. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన పిల్లకు తొలి అక్షరం చెప్పించే వేడుక. గౌసియా పుట్టినప్పుడు తల్లి కుల్సుమ్‌బీకి పాలు పడలేదు. పక్షం ముందే ఆడపిల్లను కన్న కూలిమనిషి సత్యమ్మను పాలివ్వడానికి పెట్టుకున్నారు. ఆమె సొంత కూతురు జములమ్మకు గంజినీళ్లు దక్కాయి. ఆకలికి ఏడిస్తే ఆవగింజంత నల్లమందు నాలుకకు రాసి పడుకోబెట్టేది. వాడలో కూలికి పోయే తల్లులందరూ చేసే పనే. పిల్ల కిక్కురుమనకుండా పడుకుంటే ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయింది కూడా, పిచ్చితల్లి!

మౌల్వీగారు చెప్పింది చెప్పినట్టు గడగడా అప్పజెప్పి, గౌసియా ఆడవాళ్ల గదిలోకి పరుగెత్తుకొచ్చింది. ఆ బుగ్గలు, ఆ మాటలు నా బిడ్డకు రావలసినవే కదా అని సత్యమ్మకు ఒకటే కుళ్లు. గోడవారన జములమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. దానికి ఇంతవరకు ‘అమ్మా’ అనడమైనా రాలేదు.

“సత్తెమ్మా, గిదంతా నీ పాల గుణమే. నా బిడ్డ ఎంత హుషారుందో చూడు!” అంది కుల్సుమ్‌బీ మనస్ఫూర్తిగా. “నీ పోరికే పాపం, పుట్టుకతోనే బుద్ధి తక్కువాయె.”

“పుట్టుకతోని కాదు, బీబమ్మా.” అనేసింది సత్యమ్మ. “పుట్టినప్పుడు మంచిగనే ఉండె. దాని పాలు మీ బిడ్డ తాగింది.”

కుల్సుమ్‌బీ తల దించుకుని లడ్డూల పళ్లెం ముందుకు జరిపింది. పాలిచ్చిన తల్లి చేత్తో తొలి లడ్డు తినిపించడం ఆ ఇంటి ఆనవాయితీ.

“పాలమ్మా!” అంటూ గౌసియా నోరు తెరిచింది. ఆ పిలుపుకు సత్యమ్మ ఒళ్లు మండిపోయింది. లడ్డు తీసుకుని, గౌసియాను దాటుకుని పోయి జములమ్మ చేతిలో పెట్టింది.

“తిను బిడ్డా. గిది నీదే. గీ ఒక్కసారన్న ముందుగాల నువ్వు తిను.”

జములమ్మ లడ్డును చూసింది, తల్లిని చూసింది. మెల్లగా లేచి, తూలుకుంటూ వెళ్లి గౌసియా నోటికి అందించింది. అమ్మ చేతిలోది ఏదైనా ముందు గౌసియాకే. నాలుగేళ్లలో ఆ పిల్ల నేర్చిన పాఠం అదొక్కటే. దాన్ని తప్పు లేకుండా అప్పజెప్పింది.