తీగ గుచ్చిన చోట మైనం

2003 ఆగస్టు 11, సోమవారం ఉదయం తొమ్మిదింటికి నూకాలు మద్దిలపాలెంలోని పళ్ల క్లినిక్ తాళం తీసింది. ఆమె పనిచేసిన చివరి రోజు అది.

నేల తుడిచింది. కుర్చీ తుడిచింది. వయసు యాభై రెండు, ఉండేది పెదజాలరిపేట. పదకొండేళ్ల కిందట ఊడ్చే పనికి చేరింది. పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకు తోముకోవడం నేర్పే పని తర్వాత వచ్చింది. డాక్టర్ త్రినాథరావు చెబితే పిల్లలు తలూపి మరిచిపోయేవారు. నూకాలు చెబితే గుర్తుండేది.

పదకొండింటికి నిఖిత తల్లితో వచ్చింది. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్ పిల్ల, పదమూడేళ్లు. చిగుళ్లు వాచి తీగ మీదికి వస్తున్నాయి. రక్తం వస్తోందని వారంగా బ్రష్ ముట్టలేదట. ఇలాగైతే క్లిప్పులు తీసేయాల్సిందేనన్నాడు డాక్టర్.

నూకాలు ప్లాస్టర్ పళ్ల బొమ్మ తీసింది. దానికీ క్లిప్పులున్నాయి.

“వేటనించొచ్చాక వల దులపాపోతే ఏటవుద్ది? కుల్లిపోద్ది. ఇదీ అంతే. రగతం వత్తందని మానీకు తల్లీ. మానేత్తేనే వత్తాది.”

బ్రష్‌ను చిగురు దగ్గర ఏటవాలుగా పెట్టి తీగకు పైన, కింద తిప్పింది. సన్న బ్రష్‌ను తీగ వెనక దూర్చింది.

“బొమ్మకి కాదు, నీ నోట్లో చూపించు. అప్పుడు తోముకుంటా” అంది నిఖిత.

నూకాలు నవ్వినా చెయ్యి అడ్డం పెట్టుకునేది. పేటలో చాలామంది ఆడవాళ్లలాగే చిన్ననాటి నుంచి ఆమెది అడ్డపొగ, చుట్టను తిరగేసి తాగడం. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటే సముద్రపు గాలికి చుట్ట ఆరదు, రెండు చేతులూ చేపల పనికి ఉంటాయి. మానేశానని చెప్పి ఉద్యోగంలో చేరింది, మానలేదు. తెలిస్తే పిల్లల దగ్గరికి రానివ్వరని భయం.

నిఖిత బ్రష్ అందుకోలేదు. నూకాలు కొత్త బ్రష్ విప్పి నోరు తెరిచింది. నాలుగుసార్లు తిప్పేసరికి అంగిలి నుంచి మైనం ముద్ద ఊడి సింకులో పడింది. వెంట రక్తం.

డాక్టర్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. రోజూ తుడిచే కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదలు. అంగిట్లో ఆ పుండు ఎన్నాళ్లనుంచని అడిగాడు.

“ఎండాకాలం ముందర్నించి బాబూ. తీగ గుచ్చుకున్న పిల్లలకి మైనం ఎడతాం కదా. నానూ అదే ఎట్టుకున్నాను. తగ్గిపోద్దనుకున్నాను.”

ఆయన దీపం దగ్గరికి లాగి చాలాసేపు చూశాడు. పెద్దాసుపత్రికి చీటీ రాసి మధ్యాహ్నమే వెళ్లమన్నాడు.

“రేపు పన్లోకి రానా బాబూ?”

డాక్టర్ చేతులు కడుక్కున్నాడు.

నూకాలు సింకు కడిగింది. నిఖిత పక్కన నిలబడి ఒక్కో పన్నూ తోమించింది. ఒంటిగంటకు చీటీ పట్టుకుని వెళ్లింది.

నూకాలు నవంబరు 23న ఇంట్లోనే చనిపోయింది. ఆఖరి పది రోజులు గంజి చెంచాతో పోశారు.

నిఖిత క్లిప్పులు మరుసటేడు మేలో తీశారు. చిగుళ్లు బాగున్నాయని డాక్టర్ కార్డులో రాశాడు.

అప్పటికీ అరలో ప్లాస్టర్ బొమ్మ వెనక నూకాలు దాచుకున్న చిన్న మైనం డబ్బీ ఉంది. ఐదు కడ్డీల్లో రెండు మిగిలాయి. ఒకదాని కొసన వేలిముద్ర ఉంది.