జల్లించని పొట్లం

గాజు పోయిన సంగతి దేవవ్వ చేతులు కడుక్కుంటుండగా గమనించింది. ఎడమచేతి ఆకుపచ్చ గాజుల్లో ఒకటి లేదు. నీళ్లు మోచేతి దాకా పాకుతున్నా తుడుచుకోలేదు. చెయ్యి అలాగే పైకెత్తి పట్టుకుని, దుకాణంలో రోలు ఉన్న వెనక గదిలోకి నడిచింది.

రోటి పక్కన గోనెపట్టా మీద రెండు ముక్కలు దొరికాయి. అడుగున మిగిలిన కారంలో ఇంకొన్ని. వాటిని ఒక్కొక్కటిగా కొంగుతో తుడిచి పాత పేపరు మీద గుండ్రంగా పేర్చింది. గాజు దాదాపు పూర్తయింది. ఒక్కచోట గోరంత ఖాళీ మిగిలింది. రోలు కడిగింది, పట్టా దులిపింది, మోకాళ్ల మీద వంగి నేలంతా అరచేత్తో తడిమింది. ఆ ఖాళీలోకి వచ్చే ముక్క కనిపించలేదు.

సుభద్ర స్టోర్స్‌కు నిజామాబాద్‌లో, ఆర్మూర్‌లో, బోధన్‌లో దుకాణాలున్నాయి. పసుపు ఆర్మూర్ దుకాణం నుంచి, అల్లం మురబ్బా నిజామాబాద్ నుంచి వచ్చేవి. రోటి నువ్వుల కారం మాత్రం బోధన్‌లో తయారై మిగతా రెండింటికీ పోయేది. దాన్ని దంచేది దేవవ్వ. అంతకుముందు ఇరవై ఏళ్లు బీడీలు చుట్టింది. కూర్చుని కూర్చుని వంగిన నడుము రోకలి పట్టాక కొంత నిలబడిందని ఆమె మగడు లింగం నవ్వేవాడు. మనుషుల పేర్లు ఆమెకు ఆలస్యంగా గుర్తొచ్చేవి, వాళ్లు కొనేవి ముందు గుర్తొచ్చేవి. జొన్న అటుకుల పంతులమ్మ. మురబ్బా ముసలాయన. చెరకు కాకవి పాకం సీసా ఎండకు పట్టి చూసి గానీ సంచిలో వేసుకోని కోర్టు గుమాస్తా.

రోజూ దంచే ముందు ఆమె గాజులు తీసి మేకుకు తగిలించేది. మగడున్న ఆడదాని చెయ్యి బోసిగా ఉండకూడదని, పసుపులో ముంచిన దారం మణికట్టుకు కట్టుకునేది. దంచడం అయ్యాక దారం విప్పి గాజులు వేసుకునేది. ఈ రోజు దారం తడిపింది కూడా. కానీ లింగం నిజామాబాద్ పెద్దాసుపత్రిలో ఉన్నాడు. గాజుల మీద వేళ్లు పెట్టింది గానీ తీయలేకపోయింది. బయట చెరకు ట్రాక్టర్ల మోతలో గాజు ఎప్పుడు రోటి అంచుకు తగిలిందో వినపడలేదు.

ముందుగదిలో మేనేజరు బాపురావు కొబ్బరి తూస్తున్నాడు.

"సారూ, గాజు పలిగింది. ఒక ముక్క దొరుకుతలేదు."

"కారంలనా?"

"గట్లనే ఉన్నది."

అతని చెయ్యి తక్కెడ మీదే ఆగిపోయింది. "గాజులు తీసి దంచుమని ఎన్నిసార్లు చెప్పిన దేవవ్వా? ఇయ్యాల దారం కట్టుకోలేదా?"

అతను ఆమె మణికట్టు వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సరే తియ్. ఎవలెవలు కొనుక్కపోయిండ్రు, యాదికున్నదా?"

"రుక్మాబాయి. హాస్టల్ హన్మవ్వ." కొంచెం ఆగి, "మా ఆత్మారాం."

ఆత్మారాం లింగం తమ్ముడు. ఆసుపత్రి గంజి నోటికి సయించడం లేదని, నీ చేతి నువ్వుల కారం ఇంత కావాలని లింగం అడిగాడు. అందుకే ఆమె అతన్ని ఆడబిడ్డకు అప్పగించి నిన్న బోధన్ వచ్చింది. పొద్దున తొలి పొట్లం కట్టి ఆత్మారాం చేతికిచ్చి బస్సెక్కించింది. ఈ రోజు పని ముగించుకుని రేపు తనూ పోవాలనుకుంది.

"ఎవలి గొంతులనన్న గుచ్చుకున్నదంటే సేటు దుకాణం బందు జేస్తడు," అన్నాడు బాపురావు. "నిన్ను గూడ ఉంచడు. ఆర్మూర్, నిజామాబాద్ దుకాణాల వ్యాను ఇంక పోలేదు గదా, దాంట్ల పొట్లాలన్నీ నేను జల్లిస్త. నువ్వు ఊళ్లెకు ఉరుకు."

ఆమె సన్నజల్లెడ చంకన పెట్టుకుని బయలుదేరింది.

రుక్మాబాయి వాకిట్లోనే కూర్చుని ఉంది. ప్రతివారం ఆమె కొనేవి రెండే: కాళా మసాలా, నువ్వుల కారం.

"అగ్గో, అమ్మినోళ్లే ఎన్కకు అడుగవట్టిరి! ఏందే దేవవ్వా, పొరపాటున ఎక్కువ తూసినవా?"

"జల్లించి ఇస్త బాయి. గాజుముక్క పడ్డదేమోనని."

రుక్మాబాయి నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్లి పొట్లం తెచ్చింది. దారం ఇంకా విప్పలేదు. దేవవ్వ అరుగు మీద జల్లెడ పట్టింది. నువ్వు పొట్టు, వెల్లుల్లి పీచు, మిరప గింజలు. ఇంకేమీ లేవు.

హాస్టల్ చేరేసరికి పిల్లలు వరసగా కంచాలు పట్టుకుని కూర్చున్నారు. వంటామె హన్మవ్వ గిన్నెలోని కారం చెంచాతో వడ్డిస్తోంది.

"ఆగక్కా! ఎయ్యకు!"

ఆ కేకకు పిల్లలంతా తలలెత్తారు. అప్పటికి మొదటి కంచంలో కారం పడింది. రెండు జడల పిల్ల దాన్ని అన్నంలో కలిపి ముద్ద చేసుకుంది. దేవవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"తిన్నవా బిడ్డా?"

పిల్ల లేదన్నట్టు తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడువకు. నీ తప్పేం లేదు. గా కంచం నాకియ్యి."

గిన్నెలో కారం జల్లించింది. ఏమీ లేదు. కంచంలో కలిపిన అన్నం జల్లెడకు లొంగేది కాదు. మెతుకు మెతుకూ వేళ్ల మధ్య నలిపి చూసింది. అయినా నమ్మకం కుదరలేదు. పారేస్తే ఉందో లేదో తెలియకుండా పోతుంది. గోడవారగా కూర్చుని ఆ అన్నం తనే తినడం మొదలుపెట్టింది. ప్రతి ముద్దనూ నాలుకతో అంగిటికి నొక్కి, పళ్ల మధ్య మెల్లగా కదిపి, అప్పుడు మింగింది.

"పిచ్చిదానా, గుచ్చుకుంటె?" అంది హన్మవ్వ.

"నాకైతె నాకే గదా."

కంచం ఖాళీ అయింది. ముక్క లేదు.

దుకాణానికి వచ్చేసరికి బాపురావు వ్యాను పొట్లాలన్నీ జల్లించి కూర్చున్నాడు. అతని కనుబొమ్మల మీద కారం దుమ్ము. "ఏం లేదు," అన్నాడు. ఇద్దరూ పేపరు మీది గాజు వైపు చూశారు. ఇక మిగిలింది ఒక్క పొట్లం.

రోడ్డవతల ఎస్టీడీ బూతు ఉంది. బాపురావే ఆసుపత్రి నంబరు తిప్పాడు. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తి, ఏ వార్డు అని అడిగారు. చెప్పేలోపే లైను తెగింది. మళ్లీ తిప్పితే ఎవరూ ఎత్తలేదు.

"బస్సెక్కు," అన్నాడు బాపురావు. "దుకాణం నేను చూస్కుంట."

చెరకు బండ్లు బస్టాండు రోడ్డు పొడవునా నిలిచిపోయాయి. వాటి సందుల్లోంచి, ఎద్దుల మూతులు తప్పించుకుంటూ నడిచింది. ఆకలైతే లింగం ముద్ద నమలడు. మింగేస్తాడు. ఇన్నేళ్లూ దాని మీదే అతన్ని దెప్పింది. ఇప్పుడు అతని గొంతులో మంచినీళ్లు దిగడమే కష్టం. తానే కట్టి, తానే ముడివేసి, గంజిలో వేసుకుని తినమని పంపింది. చంకలోని జల్లెడ జారబోతే గట్టిగా అదుముకుంది.

ఆమె చేరేసరికి నిజామాబాద్ నుంచి వచ్చిన బస్సులోంచి జనం దిగుతున్నారు. చివరగా ఆత్మారాం దిగాడు. చేతిలో పొద్దున ఆమె ఇచ్చిన బట్టసంచి. అతని ముఖం ఆమె చూడలేదు. సంచినే చూసింది.

"పొట్లం ఇప్పిండ్రా?"

"వదినె..."

"నువ్వుల కారం పొట్లం, ఆత్మారాం. ఇప్పిండ్రా లేదా?"

"ఇప్పలే." అతను సంచి ఆమె చేతిలో పెట్టాడు. "ఎవలికని ఇప్పుతం వదినె. నేను పొయ్యేవరకే అన్న లేడు. జీపుల తెస్తుండ్రు. నీకు చెప్దామని ముంగట వచ్చిన."

ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. పొట్లం తగిలింది. దారం మీద తన ముడి అలాగే ఉంది. ఆ ముడి వేలికి తగిలినప్పుడు ఆమెకు కలిగింది ఊరట. అతను చెప్పిన మాట దాని తర్వాత అందింది. అప్పుడు బస్టాండు గట్టు మీద కూర్చుంది. జల్లెడ ఒళ్లో పెట్టుకుంది.

సాయంత్రానికి జీపు వచ్చింది. ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. మిగిలిన గాజులు ఇంటి ఆడవాళ్లు తీశారు.

దేవవ్వ మళ్లీ రోటి దగ్గరికి వస్తోంది. దంచే ముందు చేతికి దారం కట్టుకునే పని ఇప్పుడు లేదు. పేపరు మీది గాజును బాపురావు పారేయలేదు. ఖాళీ ఖాళీగానే, వెనక గది అలమరాలో దాని మీద ఒక గిన్నె బోర్లించి పెట్టాడు. రుక్మాబాయి నువ్వుల కారం కొంటూనే ఉంది. ఇప్పుడు కొనే ముందు దేవవ్వ చేతుల వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంటుంది.

లింగం కోసం కట్టిన పొట్లం ఇంట్లో గూట్లో ఉంది, ముడి విప్పలేదు. కాగితానికి నూనె దిగి అడుగున గూడు రాతికి మరక అంటింది. దాన్ని ఇంకా జల్లించలేదు.