మా ఆయన తాగడు

ఆగాఫియా అబద్ధం చెప్పలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరంతా పాపం ఆమెనే ఆడిపోసుకుంటారు.

చెర్రీపళ్లు కోస్తూ నిచ్చెన మీదనుంచి పడి ఆమె భర్త సిమియోన్ తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ కాగితాలు నింపుతూ అడిగింది.

"మీ ఆయన తాగుతాడా అమ్మా?"

ఆగాఫియాకు ఒళ్లు మండింది. "తాగుడా? మా ఇంటా వంటా లేదు తల్లీ! వోడ్కా సీసా మా గడప తొక్కలేదు. కావాలంటే ఊళ్లో ఎవర్నైనా అడుగు."

డాక్టరమ్మ 'లేదు' అని రాసుకుంది.

మా మోల్దోవా పల్లెల్లో ఎవరిని అడిగినా ఇదే జవాబు. నేలమాళిగలో పీపాలకొద్దీ ఉండే సొంత వైను తాగుడు కిందికి రాదు మరి. అది తిండి. పొద్దున రొట్టెముక్కతో ఒక గ్లాసు, ద్రాక్షతోటకు వెళ్తూ ఒక కూజా, మధ్యాహ్నం మరొకటి, ఇక రాత్రి భోజనం సంగతి చెప్పనే అక్కర్లేదు. నలభై ఏళ్లుగా సిమియోన్ అలాగే బతికాడు. ఏనాడూ తూలలేదు, భార్య మీద చెయ్యెత్తలేదు. ఆమె మాత్రం ఇంకేమని చెబుతుంది?

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాటికి సిమియోన్ చేతులు వణకడం మొదలైంది. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"ఆగాఫియా, ఇంటి నుంచి కాస్త తెచ్చిపెట్టవే. ఒక్క గుక్క చాలు. లోపలంతా అదురుతోంది."

"సిగ్గులేదూ, ఆసుపత్రిలోనా? పక్క మంచం వాళ్లు వింటే తాగుబోతనుకోరూ? నా పరువు తీయకు."

"మనింటిదే కదే అడుగుతున్నా..."

"నోరు మూసుకుని పడుకో. టీ తెస్తా."

ఆ టీ కూడా అతని చేతిలో నిలవలేదు. సగం దుప్పటి మీద ఒలికిపోయింది.

మూడో రోజు సిమియోన్ భార్యను పోల్చుకోలేకపోయాడు. గోడ మీద ఎలుకలు పాకుతున్నాయని కేకలు పెట్టాడు, కట్టు పీకేసుకోబోయాడు. గాయం చీము పట్టిందేమోనని రక్తపరీక్షకు పంపారు. అంతలో మూర్ఛ వచ్చింది. డాక్టరమ్మ ఆగాఫియాను వసారాలోకి లాక్కొచ్చింది.

"అమ్మా, వైను తాగుతాడా?"

"ఇంటిదే కదమ్మా. అందరిలాగే."

"రోజుకి ఎంత?"

ఆగాఫియా వేళ్లు మడిచి చూసుకుంది. "మూడు లీటర్లు ఉంటుందేమో. పండగలప్పుడు ఇంకాస్త."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అన్నేళ్లు అలవాటుపడ్డాక ఒక్కసారిగా ఆపేస్తే మెదడు ఇలాగే తిరగబడుతుంది. దీనికి మందుంది తల్లీ! మొదటి రోజే తెలిస్తే మత్తుసూదులూ విటమిన్లూ ఇస్తూ నెమ్మదిగా మాన్పించేవాళ్లం. నాదీ తప్పే. నేనూ ఈ ఊళ్లల్లో పుట్టినదాన్నే, వైను సంగతి విడిగా అడగొద్దూ?"

అన్ని మందులూ ఎక్కించారు. నాలుగో రోజు పొద్దున సిమియోన్ గుండె ఆగిపోయింది. ఆ చేతుల వణుకు కూడా అప్పుడే ఆగింది.

పూడ్చిపెట్టి వచ్చాక వాకిట్లో బల్లలు వేసి, మా ఆచారం ప్రకారం పోయినవాడి పేరు చెప్పి అందరికీ వైను పోశారు.

"బంగారంలాంటి మనిషి," అంది పొరుగింటి దోమ్నికా. "ఒక్కనాడైనా తాగి ఎరుగడు."

ఆగాఫియా దిగ్గున లేచింది. "తాగేవాడు! రోజూ తాగేవాడు. నేనే పోసేదాన్ని. డాక్టరమ్మ అడిగితే లేదన్నాను. ఆఖరికి ఒక్క గుక్క అడిగితే పరువన్నాను. నా చేతులారా నేనే చంపుకున్నానే!"

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. దోమ్నికా కళ్లు తుడుచుకుంటూ ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టింది.

"పాపం, దుఃఖంలో ఏం మాట్లాడుతోందో తనకే తెలీడం లేదు," అంటూ ఆమె గ్లాసు నిండా పోసింది. "తాగమ్మా, కాస్త కుదుటపడతావు. మీ ఇంటిదేగా."