అద్దం అవతలి చేతులు

తూలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తాను చూడని క్షణంలో పాపను వేరెవరో ఎత్తుకుంటారని.

ఫిన్లాండ్‌లోని ఔలు పట్టణంలో పసిపిల్లలందరిలాగే ఆమె పాప పిప్సా కూడా మధ్యాహ్నం బాల్కనీలో, ఆ చలిలోనే, తోపుడు బండిలో నిద్రపోతుంది. నాలుగో అంతస్తు. టోపీ తాళ్లను గడ్డం కింద రెండు ముళ్లు వేసి మరీ పడుకోబెట్టింది తూలి.

ఆమె భర్త ఇల్మరి కంప్యూటర్ ఆటల్లోని బొమ్మలకు కదలికలు తయారుచేస్తాడు. దూరాన్ని కొలిచే కెమెరాలు రెండు హాల్లో పెడితే, ఎదుటి మనిషి కంప్యూటర్ తెరమీద పుల్లల బొమ్మగా కదులుతాడు. ఇవాళ కావలసింది బిడ్డను జోకొట్టే తల్లి. పాపకు బదులు తూలి చేతుల్లో దుప్పటి చుట్టిన పిండి సంచి ఉంది.

“సంచి అడ్డొచ్చి నీ చేతులు కనబడట్లేదు,” అంటూ ఇల్మరి ఒక కెమెరాను జరిపి, బాల్కనీ తలుపువైపు తిప్పాడు.

తెరమీద బొమ్మలు రెండయ్యాయి. రెండూ జోకొడుతున్నాయి.

“అదెవరు?”

“నువ్వేనే. తలుపు అద్దంలో పడ్డావు. పిండికి జోలపాట కూడా పాడతావా ఏంటి?”

తూలి నవ్వలేదు. సంచిని సోఫామీద పెట్టి చేతులు దించింది. తెరమీద మొదటి బొమ్మ చేతులు దించింది. రెండోది జోకొడుతూనే ఉంది.

“కెమెరా కాస్త ఆలస్యంగా చూపిస్తోందేమో,” అన్నాడు ఇల్మరి, ఈసారి మెల్లగా.

తూలి తలుపు తోసుకుని బాల్కనీలోకి వెళ్లింది. పాప బండిలోనే, వెచ్చగా, నిద్రలో ఉంది. టోపీ తాళ్లకు మాత్రం మూడో ముడి పడి ఉంది.

మీ పాప పక్కగదిలో నిద్రపోతుంటే, ఒక్కసారి వెళ్లి చూసి రండి.