వంటింట్లో బెల్లు

రెజీనా దోసె తిరగేస్తుండగా హాల్లోంచి భర్త ఆస్టిన్ కేక పెట్టాడు. "రెజీనా, ఆ బెల్లు సంగతి చూశావా?"

బెల్లు గొడవ నిన్నటిది. నిర్మాత మేనేజరు వచ్చి, తలుపు పక్కన బటన్ నొక్కి నొక్కి, ఎవరూ తీయకపోయేసరికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా ఫిల్మ్ నగర్ అంతా పాకింది: మాటల రచయిత ఆస్టిన్ గారు అలిగారట, తలుపే తీయలేదట! ఇక్కడ ఫోనెత్తకపోతే పనిలో ఉన్నాడనుకుంటారు. తలుపు తీయకపోతే మాత్రం అలకే. ఆ లేని అలక తీర్చడానికి ఇవాళ పదకొండింటికి దర్శకుడే వస్తున్నాడు.

"ఇంట్లో ఉండి ఏం చేస్తున్నట్టు నువ్వు?" అని నిన్న ఆస్టిన్ విరుచుకుపడ్డాడు. తలుపు పక్క గదిలో కూర్చుని రాసుకుంటున్నది అతనే. అత్తగారు తెరెసమ్మ అందుకుంది. "మా రోజుల్లో బెల్లులేంటమ్మా, అడుగుల చప్పుడుకే లేచేవాళ్ళం."

పదకొండున్నరకే రెజీనాకు స్టూడియోలో వాయిస్ టెస్టు. తల్లి పాత్రకు గొంతు కావాలట. పెళ్ళితో మానేసిన డబ్బింగ్ నుంచి ఇన్నేళ్ళకొక పిలుపు. "వాయిదా వెయ్యమను. అమ్మ పాత్రేగా, ఎవరైనా చెప్తారు" అన్నాడు ఆస్టిన్. వాళ్ళు వాయిదా వెయ్యరు, పక్క కుర్చీలో ఉన్నామెను పిలుస్తారు. అది అతనికీ తెలుసు.

రెజీనా పొయ్యి కట్టేసి బటన్ ఊడదీసింది. బ్యాటరీ మార్చింది. కింద నుంచి వాచ్‌మన్ బాలనర్సయ్యను పిలిచి నొక్కమని, తను వంటింట్లో నిలబడింది.

"నొక్కిన్నమ్మా! మోగుతలేదా? సారు అలిగిండంట గదా, బెల్లు గూడ అలిగినట్టుంది!"

వంటింటి ప్లగ్గులో ఉన్న బెల్లు డబ్బాకు దీపం వెలుగుతూనే ఉంది. అంటే లోపం బటన్‌లోనే. మళ్ళీ విప్పి చూస్తే, వానజల్లు దిగి బ్యాటరీ కింది రేకు పచ్చగా చిలుముపట్టి ఉంది. చాకు మొనతో గీకుతూ కూర్చుంది. హీరోయిన్ మాటలు రాసినప్పుడల్లా ఆస్టిన్ తనను పిలిచి చదివిస్తాడు. నోటికి పట్టని మాట తను మార్చి పలికితే, "ఆఁ, అదే!" అని రాసుకుంటాడు. ఆడదాని మనసు ఆస్టిన్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని మైకుల ముందు పొగుడుతుంటే, తను ఇంటిదగ్గర అంట్లు తోముతూ టీవీలో వింటుంది. కోపం వచ్చిన రోజులు అయిపోయాయి. ఇప్పుడు వచ్చేది నిద్రే. కూర్చుంటే చాలు, ముంచుకొస్తుంది.

రేకు కాస్త పైకి వంచి బిగించింది. బాలనర్సయ్య నొక్కాడు. వంటింట్లో బెల్లు మోగింది. చెయ్యి దానంతటదే టీ గిన్నె మీదికి పోయింది.

రెజీనా ఆ చేతిని చూసుకుంది. ఈ ఇంట్లో దిగిన రోజున ఆస్టినే డబ్బాను తెచ్చి ఇక్కడ పెట్టాడు. "హాల్లో అయితే నా రాతకు అడ్డమే" అన్నాడు.

ప్లగ్గు లాగేసింది. ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, డబ్బాను తీసుకెళ్ళి అతని రాతబల్ల పక్క ప్లగ్గులో గుచ్చింది.

"ఇక్కడెందుకే?"

"ఇక్కడైతే మీకు వినపడుతుంది."

"మరి టీ?"

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి."

"ఏంటమ్మాయ్, ఇంటికి పెద్దమనుషులొచ్చే వేళకి?" అని తెరెసమ్మ అంటూనే ఉంది. రెజీనా చెప్పులేసుకుంది.

మెట్ల మీద దర్శకుడు ఎదురయ్యాడు. "అమ్మా, ఆస్టిన్ గారి కోపం తగ్గిందా?"

"ఆయనకేం కోపం లేదండీ. బెల్లు నొక్కండి, బాగు చేశాను."

వీధిలోకి వచ్చేసరికి పైన బెల్లు మోగింది. కాసేపాగి ఇంకోసారి మోగింది. మూడోసారి మోగుతుండగా రెజీనా ఆటో ఎక్కి, స్టూడియో పేరు చెప్పింది.